గుండ్రటి అక్షరాలు

సంజన మేడం సైన్సు ప్రాజెక్టు పుస్తకాన్ని హెడ్మాస్టర్ బల్ల మీద దబ్బున పడేసింది.

"ఇది వర్ష రాసింది కాదు సార్. వాళ్లమ్మ రాసింది."

వర్ష తల్లి రాణి బల్ల దగ్గరికి ఒక అడుగు వేసింది. పక్కనే నిలబడ్డ వర్ష తల ఎత్తలేదు. డెంగీ జ్వరం తగ్గి వారమే అయింది. పిల్ల ఇంకా పుల్లలాగే ఉంది.

"నా బిడ్డనే రాసింది సార్," అంది రాణి.

హెడ్మాస్టర్ ప్రభాకర్ రావు పేజీలు తిప్పారు. గుండ్రటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు.

"వాళ్లమ్మనే రాసిందని ఎట్ల చెప్తున్నరు మేడం?"

"గీ రాత ఎక్కడున్నా గుర్తుపడ్త సార్," అని, వెంటనే సర్దుకుంది మేడం. "అంటే... గిసొంటియి ఎన్ని చూడలే!"

ఇక దాచి లాభం లేదు.

"పది రోజులు మంచంల్నే ఉన్నది సార్. అది చెప్తుంటె నేను రాసిన. మాటలన్ని దానియే. చెయ్యి ఒక్కటే నాది."

"పెద్దోళ్లే గిట్ల చేస్తే పిల్లలకు నిజాయితీ ఎక్కడికెళ్లి అస్తది?" మేడం గొంతు పెంచింది. "ఒకరు రాసిన దాని మీద ఇంకొకరు పేరు పెట్టుకుంటే, గది దొంగతనం కాదా?"

జవాబు రాణి నాలుక చివరే ఉంది. కానీ అది చెబితే బిడ్డ పని ఇంకా చెడుతుంది. మింగేసింది.

హెడ్మాస్టర్ చెడ్డవాడేం కాదు. "జరమొచ్చిన పిల్ల. గీ ఒక్కసారికి ఇడిసిపెడదామా మేడం?" అన్నారు.

"రూల్ అందరికి ఒకటే సార్. ఇంటర్నల్ మార్కులు సున్నా."

పదో తరగతిలో ఆ ఇరవై మార్కులు పోతే, ఆ మార్కులను బట్టే వచ్చే బాసర ట్రిపుల్ ఐటీ సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే. కోరుట్లలో బీడీలు చుట్టే ఇంటి పిల్లకు ఇంజనీరింగ్ చదవాలంటే అదొక్కటే దారి. వర్ష ఎనిమిదో తరగతి నుంచీ దాన్నే కలవరిస్తోంది.

"మీ కాళ్లు మొక్కుత మేడం!"

రాణి వంగబోయింది. మేడం రెండడుగులు వెనక్కి జరిగి, కిటికీ వైపు తిరిగిపోయింది.

"నువ్వు చెప్పేదేమన్న ఉన్నదా అమ్మా?" అని రాణిని అడిగారు ప్రభాకర్ రావు.

"ఏం లేదు సార్."

గేటు దాటేదాకా ఆపుకున్న ఏడుపు వర్షకు రోడ్డు మీద పొంగుకొచ్చింది. వెక్కుతూనే అడిగింది.

"అమ్మా, నీ రాత మేడంకు ఎట్ల తెలుసే?"

రాణి కొంగుతో కూతురి మొహం తుడిచింది. ఏమని చెబుతుంది?

ఆరేళ్ల కిందట సంజన మేడం బీఈడీ రికార్డులన్నీ, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, రాసిపెట్టింది రాణే.