వంతెన దగ్గర ముసలమ్మ

నేను చెప్పే కథల్లో ఆవగింజంత అబద్ధం కూడా ఉండదు. కావాలంటే ఎవరినైనా అడగండి, మా ఇంట్లోవాళ్ళని తప్ప.

పంపుల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు ఫోర్‌మన్‌గా చేసి దిగిపోయిన ఒకాయన ఇంట్లో జరిగిన సంగతి ఇది. రిటైరైనా అందరూ ఆయన్ని ఫోర్‌మన్ అనే అంటారు. ఊరందరి పంపులూ బాగుచేయించిన మనిషి ఇంట్లో, వంటింటి కుళాయి ఏడాదిగా కారుతోంది. "అది ప్లంబరు పని" అనేవాడు, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ఆయన భార్య కుళాయి కింద గిన్నె పెట్టి ఊరుకుంది. కానీ మొన్న, కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్ చెయ్యాలన్నారని ఆవిడ చెబుతుంటే, మాట సగంలో ఉండగానే ఫోర్‌మన్ టీవీ శబ్దం పెంచాడు. ఆవిడ మిగతా సగం మింగేసి, అలమరా మీది సూట్‌కేసు కిందికి దింపింది.

"నెలాఖరుకి మా చెల్లెలింటికి పోతున్నానమ్మా. ఆపరేషనూ అక్కడే, ఇకమీదట ఉండడమూ అక్కడే. నలభై ఒక్క ఏళ్ళలో నా మాట ఒక్కటి చివరిదాకా విన్న పాపాన పోలేదు మీ మావయ్య," అంది కోడలితో.

కోడలు కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. మావగారికి పొద్దుపోవడానికి ఒక ఆట పెట్టిచ్చింది. అందులో మన వీరుణ్ణి మనమే తయారుచేసుకోవాలి. ఇరవై పాయింట్లు ఇస్తారు. బలం, ధైర్యం, తెలివి, ఓపిక, దేనికెంత పోస్తామో మనిష్టం. ఫోర్‌మన్ పదకొండు బలానికీ తొమ్మిది ధైర్యానికీ పోశాడు. మీసాలకు పాయింట్లు ఖర్చు కావని తెలిసి వాటిని చెవులదాకా పెంచాడు.

"తెలివికి సున్నానా మావయ్యా?"

"అది నా దగ్గరుందిగా!"

"మరి ఓపిక?"

"యుద్ధానికి పోయేవాడికి ఓపికెందుకమ్మాయ్?"

వంటింట్లో ఆవిడ ముక్కుతో నవ్వింది. అప్పుడు తట్టింది కోడలికి ఒక ఉపాయం.

"అత్తయ్యా, ఆటలో ఏటి అవతల రాక్షసుడుంటాడు. ఇవతల వంతెన దగ్గర ఒక ముసలమ్మ. ఆవిడ చెప్పినట్టు వింటే ఓపిక పాయింట్లు పెరుగుతాయి, ఆవిడ సరేనంటేగాని వీరుడు దాటలేడు. ఆ ముసలమ్మ వేషం ఇంకొకరు వెయ్యొచ్చు. మీ ఫోన్లో పెట్టనా? మావయ్యకి తెలియదులెండి."

"ఏమైనా అనొచ్చా?"

"ఏమైనా."

మర్నాడు పొద్దున్నే మీసాల వీరుడు వంతెన దగ్గరికొచ్చాడు.

"ఒరేయ్, ఆగరా!" అంది ముసలమ్మ. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట అనే అదృష్టం పట్టినందుకు వంటింట్లో ఆవిడ ఒళ్ళు పులకరించింది.

ఫోర్‌మన్ ముందు మూడు మీటలు వెలిగాయి: వినడం, బెదిరించడం, తోసుకుపోవడం. ఆయన తోసుకుపోయాడు. ముసలమ్మ వీరుణ్ణి కోడిపుంజుగా మార్చేసింది. రెండు రోజులు వాడు మీసాలతో సహా గింజలు ఏరుకు తిన్నాడు.

రెండు రోజులన్నానా? నిజానికి ఒక పూటే. ఒక పూట కోడిని ఎవరు లెక్కచేస్తారని సాగదీశాను.

ఇక గత్యంతరం లేక 'వినడం' నొక్కాడు. ముసలమ్మ తన కాపురం కథ మొదలుపెట్టింది. అది పూర్తవడానికి మూడు రోజులు పట్టింది. మధ్యలో ఆవిడ ఫోను ఎక్కడ పడేసినా, "దీనికి చార్జింగు పెట్టుకోవడం కూడా రాదు" అని సణుగుతూ ఫోర్‌మనే తీసుకెళ్ళి ప్లగ్గుకి తగిలించేవాడు. వీరుడు మాత్రం కాలు కదపలేదు. ఓపిక ఒకటయింది.

తర్వాత పనులు మొదలయ్యాయి. "పోయి మీ ఇంట్లో కారే కుళాయి బాగుచేసి రారా."

"మన కుళాయి సంగతి దీనికెలా తెలిసిందమ్మాయ్?" అని అడిగాడు ఫోర్‌మన్, వంటింటిదాకా వినబడేలా.

"ఈ రోజుల్లో కంప్యూటర్లకి తెలియనిదేముంది మావయ్యా!"

"ఔరా!" అంటూ స్పానరు తీశాడు. పది నిమిషాల పని. ఓపిక నాలుగు. అంట్లు తోమాడు, ఆరు. పెనం మాడు గీకాడు, తొమ్మిది.

నెలాఖరుకి ఒక్క రోజుందనగా ఆవిడ చివరి పని చెప్పింది. "మీ ఇంటావిడకి కంటి ఆపరేషన్ ఉంది. తోడు వెళ్తావురా?"

మూడు మీటలూ వెలిగాయి. ఫోర్‌మన్ ఏదీ నొక్కలేదు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు మాత్రం వినిపించింది. లేచిపోయాడన్నమాట. ఆవిడ గదిలోకి వెళ్ళి, మిగిలిన రెండు జతల బట్టలూ సూట్‌కేసులో పెట్టేసింది.

తలుపు దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు.

"ఏమే, ఆవేళ డాక్టరు ఏమన్నాడు? మొదట్నించి చెప్పు."

"దేనికి? మీ ఆటలో పాయింట్లకా?"

"మరి దేనికనుకున్నావు? ఇంకో అయిదొస్తే రాక్షసుడి పని పడతాను. నీతో ఆస్పత్రికి నేనొస్తున్నా, వద్దనకు."

ఆవిడ మొదట్నించి చెప్పింది. ఆయన మంచం అంచున కూర్చుని చివరిదాకా విన్నాడు. సూట్‌కేసు మళ్ళీ అలమరా ఎక్కింది.

"పాపం, ఒట్టి వెర్రిబాగులవాడే! ఇట్టే బోల్తా పడ్డాడు," అని ఆవిడ కోడలి చెవిలో నవ్వింది. కోడలు మొహం అటు తిప్పుకుని నవ్వింది.

కోడి లెక్క పోను, ఇందులో నేను కల్పించింది ఇంకొక్కటే, ఉపాయం కోడలిదనడం. "ఆ ముసలమ్మ వేషం మీ అత్తయ్యకియ్యి తల్లీ, ఎదురుగా అడగడం నాకు చేతకాదు" అని ఆ అమ్మాయిని బతిమాలుకున్నది ఫోర్‌మనే.