పాలిపోయిన మడి

కాటా మీద నుంచి చివరి బస్తా దిగింది. ఒకటో మడి కంటే రెండో మడికి మూడు బస్తాలు ఎక్కువ!

గట్టు మీద చప్పట్లే చప్పట్లు. శాస్త్రవేత్త ఫాయిజా కళ్లు తుడుచుకుంది. మస్తాన్‌రావు మాత్రం తల దించుకున్నాడు. పొలం ఆయనదే. పంటా ఆయనదే. సిగ్గూ ఆయనదే.

తొలకరిలో ఫాయిజా రెండు విత్తన సంచులిచ్చింది. ఒక్కోటి అరెకరానికి. ఒకటో మడికి మామూలు వరి, రెండో మడికి తను తయారుచేసిన కొత్త వరి.

"నీళ్లూ ఎరువూ రెండిటికీ సమానంగా పెట్టాలి బాబాయ్. పిసరు తేడా వచ్చినా పరీక్ష చెల్లదు. ఇది పోతే నా ఆరేళ్ల పరిశోధన ఆపేస్తారు" అని మరీ మరీ చెప్పింది.

కొత్త వరి మొలిచింది. పాలిపోయి మొలిచింది. శావల్యాపురం రోడ్డు పక్క పొలమాయె, దారినపోయేవాళ్లు ఊరుకుంటారా?

"ఏంది బావా, పైరుకి కామెర్లా? పసరు పోయించు!" అన్నాడు పక్క పొలం కోటయ్య.

మస్తాన్‌రావుకి పైరంటే పేరు, పేరంటే పరువు. ఓ మిట్టమధ్యాహ్నం, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, ఆ మడిలో అర బస్తా యూరియా చల్లేశాడు. పైరు రంగు మారలేదు. మారింది ఆయన మొహం రంగే. పరువు కోసం వేసిన ఎరువు ఆనాటి నుంచీ గుండెల మీద బరువు.

ఇప్పుడు గట్టు మీద ఫాయిజా అందరికీ చెబుతోంది. "పత్రహరితం కావాలనే తగ్గించాం. పై ఆకులే ఎండంతా మింగేయకుండా కింది ఆకులకీ వదులుతాయి. కిరణజన్య సంయోగక్రియ మొక్కంతా జరుగుతుంది. అదే ఎకరంలో ఇంకొంతమందికి అన్నం. రేపు కరువు దేశాల్లో..."

"ఆపమ్మా" అన్నాడు మస్తాన్‌రావు. "అది కిరణాల మహిమ కాదు, నా కక్కుర్తి. ఆ మడికి దొంగచాటుగా అర బస్తా యూరియా ఏశా."

చప్పట్లు చచ్చిపోయాయి. ఫాయిజా చేతిలో కాగితాలు జారిపోయాయి.

"ఎంత పని చేశారు బాబాయ్! ఇక ఈ పరీక్ష చెల్లదు."

మస్తాన్‌రావు తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

బస్తా మూతి కుడుతున్న ఆయన భార్య రాఘవమ్మ దబ్బనం ఆపింది.

"చెల్లుద్దిలే పాపా, మీ బాబాయి చల్లటం చూశా గనకనే, మిగతా అర బస్తా మిరపకి ఏశానని ఆయనకి అబద్ధం చెప్పి, ఆ సాయంత్రమే ఒకటో మడిలో చల్లేశా."