తుపాకి బయట పెట్టి వెళ్ళండి

“తుపాకి లోపలికి కుదరదండి.”

మండల ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

వీరబాబు ఆగాడు. వెనక ఊరి రైతులు పదిమంది ఉన్నారు. అడవిపందులు మిరప తోటలు తొక్కేస్తున్నాయని తహసీల్దారుకు చెప్పుకోవడానికి వచ్చారంతా. తుపాకి ఉన్నది మాత్రం వీరబాబు ఒక్కడి భుజానే.

“లైసెన్సు ఉందయ్యా. మా నాన్న కాలం నుంచీ ఉన్న తుపాకి ఇది.”

“ఉన్నా సరేనండి. ఆఫీసులోకి ఆయుధాలు తేకూడదు. బోర్డు చూడండి.”

“ఎవరయ్యా నువ్వు? కొత్తగా వచ్చావా?”

“మూడు నెలలైందండి. నా పేరు మార్కు.”

అరవైకి దగ్గరపడ్డ మనిషి. గొంతు పెంచలేదు. చెయ్యి మాత్రం దించలేదు.

చేసేది లేక వీరబాబు తుపాకి అందించాడు. మార్కు గొట్టాన్ని నేలవైపు తిప్పి, విప్పి చూశాడు. లోపల్నుంచి రెండు తూటాలు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

“నింపే ఉందండి ఇది.”

రైతుల్లో ఎవరో నవ్వారు. “తాసిల్దారుని కూడా పంది అనుకున్నావేందిరా వీరబాబూ!”

వీరబాబు మొహం కందగడ్డ అయింది.

మీటింగ్ అయ్యాక అతను నేరుగా ఇంటికి పోలేదు. ఆఫీసుకు వాచ్‌మన్లను పంపే కాంట్రాక్టరు అతనికి బాగా తెలుసు.

“పదిమందిలో నా పరువు తీశాడు. మళ్ళీ వస్తే ఆ గేటు దగ్గర వాడు నాకు కనపడకూడదు.”

వారం తిరక్కముందే మార్కు ఉద్యోగం పోయింది.

ఆ మర్నాడు మార్కు వీరబాబు ఇంటి ముందు ఆటో దిగాడు. ఆటోలోంచి పొడవాటి ఇనప పెట్టె దింపుకున్నాడు. వీరబాబు పొలంలో ఉన్నాడు. అతని భార్య ఉదయశ్రీ వాకిట్లోకి వచ్చింది. పేరు చెప్పగానే ఎవరో ఆమెకు తెలిసిపోయింది.

“ఉద్యోగం సంగతా అండీ? ఆయన ఇంట్లో లేరు,” అంది ఇబ్బందిగా.

“కాదమ్మా. తుపాకి ఇంట్లో ఎక్కడ పెడతారు?”

“బీరువా వెనక.”

“తూటాలతోనే?”

ఆమె తలూపింది.

“పిల్లలున్నారా?”

“పాప ఉందండి. సాయిలక్ష్మి. ఏడేళ్ళు.”

“వెల్డింగ్ పని చేసినవాణ్ణమ్మా నేను. ఈ పెట్టె నేనే చేశా. గోడకి బిగించి పోతాను. తాళం వేసి భద్రంగా పెట్టుకుంటామని రాసిచ్చే లైసెన్సు తీసుకుంటారు. ఆ కాగితం సంగతి తర్వాత ఎవరికీ గుర్తుండదు.”

గంటసేపు చెమటోడ్చి నాలుగు బోల్టులూ బిగించాడు. తుపాకికి ఒక తాళం. తూటాలకు వేరే డబ్బా, వేరే తాళం. ఇన్ని మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వీరబాబు మండిపడ్డాడు.

“వాణ్ణి ఇంట్లోకి ఎందుకు రానిచ్చావ్? ఊడబీకి పారేస్తా దీన్ని!”

“బీకండి. తుపాకి తీసుకెళ్ళి నేనే పోలీస్ స్టేషన్లో ఇచ్చొస్తా,” అంది ఉదయశ్రీ.

పెట్టె అలాగే ఉండిపోయింది.

రెండు నెలలకు కోతలు మొదలయ్యాయి. కల్లం నిండా ఎర్రగా కాయలు ఆరబోశారు. మధ్యాహ్నం దాహమేసి వీరబాబు ఇంటికొచ్చాడు. లోపలి గదిలో పిల్లల నవ్వులు వినిపించాయి.

సాయిలక్ష్మి పెట్టె ముందు నిలబడి తాళంలో పిన్నీసు తిప్పుతోంది. కోతకు వచ్చిన ఖుర్షిదా కూతురు మెహర్ నేల మీద మోకాళ్ళతో పాకుతోంది.

“ఏం చేస్తున్నారమ్మా?”

“మెహర్ పంది నాన్నా. నేను కాల్చాలి. ఈ తాళమే రావట్లా!”

మెహర్ గుర్రుమని, పకపకా నవ్వింది.

వీరబాబు పాప చేతిలోని పిన్నీసు తీసేసుకున్నాడు. ఇద్దరు పిల్లల్నీ దగ్గరికి లాక్కుని చాలాసేపు వదల్లేదు.

ఆ సాయంత్రమే కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు.

“మార్కుని మళ్ళీ పెట్టండి.”

“ఇప్పుడెట్లా వీరబాబూ? ఆయనకి అరవై దాటింది, ఇక తీసుకోరు. చీరాలలో కూతురి దగ్గర ఉంటున్నాడు.”

మర్నాడు వీరబాబు బైకు మీద చీరాల వెళ్ళాడు. చర్చి వెనక సందులో చిన్న ఇల్లు. మార్కు కుర్చీ తెచ్చి వేశాడు. వీరబాబు కూర్చోలేదు. నిలబడే జరిగిందంతా చెప్పాడు.

మార్కు కళ్ళు మూసుకుని విన్నాడు.

“పిల్లలిద్దరూ బాగున్నారుగా? అది చాలు బాబూ.”

“మా ఊళ్ళో ఇంకో నాలుగిళ్ళల్లో తుపాకులున్నాయండి. నలుగురితోనూ మాట్లాడాను. అందరికీ పెట్టెలు కావాలి. మీరే చెయ్యాలి.”

మార్కు మొహంలోకి వెలుగొచ్చింది. “చేస్తాను. రేపే ఇనుము తెప్పిస్తాను.”

“మీ పొట్ట కొట్టాను నేను. అయినా మా ఇంటికొచ్చారు. ఎందుకండీ?”

“టీ తాగుదురుగాని,” అంటూ మార్కు గిన్నె తీసుకుని పాలకోసం వెళ్ళాడు.

అతను సందు మలుపు తిరిగేదాకా కూతురు స్తుతి గుమ్మంలోనే నిలబడింది.

“ఒకప్పుడు మాదీ మీ ఊరేనండి,” అంది మెల్లగా. “మీ చిన్నప్పుడు పంచాయతీ ఆఫీసులో మీ నాన్నగారు గోడకు ఆనించిన ఆ తుపాకే జారి పేలితే, పింఛను కోసం వరసలో నిలబడ్డచోటే పోయింది మా నాన్నని కన్నతల్లి.”