పక్క తొట్టి

“ఆపు! బండి నీదైతే కావచ్చు. ఆ తొట్టి మీద చెయ్యి పడిందో, ఊరుకోను!”

తాలాయ్ ఇనుము కోసే గ్రైండర్ ఆపి వెనక్కి తిరిగాడు. పెరటి గేటు దగ్గర కర్ర ఊపుతూ ఇషెన్ తాత నిలబడి ఉన్నాడు. పై వీధి మనిషి. పక్కన మనిషి కూర్చునే తొట్టి బిగించిన ఈ పాత ఉరాల్ మోటార్‌సైకిల్ మొన్నటిదాకా ఆయన పశువుల కొట్టంలోనే ఉండేది. ఆయన మందతో కొండమీది పచ్చికకి వెళ్ళినప్పుడు, అల్లుడు దాన్ని పాత ఇనుము ధరకి తాలాయ్‌కి అమ్మేశాడు.

“అమ్మింది మీ అల్లుడే తాతా. కాగితం కూడా ఉంది.”

“కాగితం నువ్వే ఉంచుకో. తొట్టెందుకు కోస్తున్నావు?”

“బోల్టులు తుప్పు పట్టి ఊడిరావడం లేదు. బిష్కెక్ పట్నంలో కొనేవాడికి రెండు చక్రాల బండే కావాలట. పక్కన ఈ తొట్టీ, మూడో చక్రం వద్దన్నాడు.”

“అది సరే, ఇంజన్ స్టార్టయిందా?”

తాలాయ్ తల అడ్డంగా ఊపాడు. రెండు కార్బురేటర్లు ఉండాల్సిన ఇంజన్‌కి ఒకటే ఉంది. రెండోదాని కోసం మూడు ఊళ్ళ పాత సామాన్ల బజార్లు గాలించాడు.

తాత కోటు జేబులోంచి గుడ్డ మూట తీసి విప్పాడు. లోపల కార్బురేటర్, నూనె రాసి ఉందేమో, నిగనిగలాడుతోంది.

“మా అల్లుడి సంగతి నాకు తెలీదా? కొండకి పోయేముందే విప్పించి దాచా.”

“దొంగ ముసలాడివి తాతా!”

“దొంగనైతే నీకెందుకు చూపిస్తా? ఒకటే షరతు. తొట్టి కొయ్యకుండా బండి బాగుచెయ్యి. కొండ కనుమ దాకా ఒక్కసారి వెళ్ళొస్తాం. ఆ తర్వాత కోసుకుంటావో, కాల్చుకుంటావో నీ ఇష్టం.”

తాలాయ్ ఒప్పుకున్నాడు.

మర్నాటి నుంచి తాత రోజూ పొద్దున్నే వచ్చేవాడు. తాలాయ్ టాంకులో గులకరాళ్ళూ కిరసనాయిలూ పోసి ఊపి తుప్పు వదిలించాడు, వైర్లన్నీ కొత్తవి వేశాడు. తాత ఇంజన్ వైపు తొంగి కూడా చూడలేదు. తొట్టి అడుగున రేకు ముక్కతో మాటు వేసుకుంటూ, చిరిగిన సీటుని లావు దారంతో కుట్టుకుంటూ కూర్చునేవాడు.

“ముప్పై ఏళ్ళు తిరిగాం దీని మీద. పెళ్ళిళ్ళకీ, చావులకీ ఇదే.”

“ఎప్పుడైనా బోల్తా పడ్డావా తాతా?”

“రెండుసార్లు. రెండుసార్లూ తప్పు నాది కాదు.”

“అందరూ అదే అంటార్లే!” అని తాలాయ్ నవ్వాడు.

రాత్రి భోజనం దగ్గర భార్య జిబెక్ మాత్రం నవ్వలేదు. “ఆ ముసలాయన ఎక్కి పోయాడంటే మళ్ళీ వస్తాడా? కనుమ దాటితే ఇక నీకు చిక్కడు. కాస్త కనిపెట్టి ఉండు,” అంది. ఆ మాట తాలాయ్ మనసులో ముల్లులా ఉండిపోయింది.

పదో రోజు, ఆరో కిక్కుకి ఇంజన్ దగ్గింది. ఏడో కిక్కుకి నల్లటి పొగ కక్కి, డుబ్‌డుబ్‌మంటూ అందుకుంది. పెరట్లో కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. ఆ రోజు తాత తన ముసలావిడని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ గేటు దగ్గర బెంచీ మీద జిబెక్ ఇచ్చిన టీ తాగుతోంది. తాత కళ్ళు తుడుచుకుంటూ కాసేపు ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు.

తాలాయ్‌కి భార్య మాట గుర్తొచ్చింది. చటుక్కున వెళ్ళి తొట్టిలో కూర్చున్నాడు.

“నేనూ వస్తా తాతా. ఎక్కు, పోనీ.”

“లే అబ్బాయ్. అది నా చోటు.”

“నువ్విక్కడ కూర్చుంటే బండి ఎవరు నడుపుతారు?”

“నడపడమా? నాకు సైకిలే రాదు నాయనా,” అని తాత బెంచీ వైపు తిరిగి కేకేశాడు. “బూబుసారా! టీ చాల్లే, రా! నీ బండి స్టార్టయింది!”