ఒక్క వీధి దూరం

ఎత్తు మడమల జోళ్ళు తొడుక్కుని, వంటింటి గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, అయిదో అడుగుకి కుర్చీలో కూలబడింది లాలా.

"కోడిపిల్ల నయం," అన్నాడు మొగుడు ఒబ్దూలియో, అరటికాయ వేపుడు నములుతూ. "పుట్టి బుద్ధెరిగాక మడమల జోడు ఎరగని మనిషివి. యాభై దాటాక ఎవరి కళ్ళలో పడాలనీ ఈ సోకు?"

"నీ కళ్ళలో మాత్రం కాదులే. నవ్వింది చాలు గానీ విను. మట్టల ఆదివారం పొద్దున్నే బస్సెక్కుతాం. వారం రోజులూ మా పుట్టింటి ఊరు ఆంటిగ్వాలోనే. ఈస్టరు నాడు తిరుగు ప్రయాణం."

"వారమా! ఎక్కడుంటాం? మీ అమ్మ ఇల్లుండగా సత్రంలో గదా?"

"ఆ ఇంట్లో ఇప్పుడు మా అక్క తెంచా ఉంది."

ఒబ్దూలియో అరటికాయ ముక్కతో నోరు మూసేసుకున్నాడు. అయితే మంచి తిండి గుర్తొస్తే ఎక్కువసేపు మూసుకోలేని నోరది.

"సరే. సోమవారం ఎండుచేప పులుసు. మంగళవారం పాకంలో నానేసిన రొట్టెలు. గురువారం రాత్రంతా వీధుల్లో రంగు రంపప్పొట్టుతో తివాచీలు పరుస్తారే, ఊరేగింపు వాటిని తొక్కకముందే ఒక్కటి కూడా వదలకుండా చూడాలి."

"నువ్వేం తింటావో తిను, ఏం చూస్తావో చూడు. నాకు శుక్రవారం ఒక్క వీధి దూరం చాలు."

ఆ శుక్రవారం ఊరేగింపులో మేరీమాత పల్లకిని ఆడవాళ్ళే మోస్తారు. వంతుకి ఒక్క వీధి. పల్లకి ఒరగకూడదు కాబట్టి ముందే అందరి భుజాలూ కొలిచి, సమానమైన ఎత్తున్న వాళ్ళని ఒక వంతులో వేస్తారు. అక్క తెంచా ఉన్న వంతులో తనూ ఉండాలని లాలా ఆశ. ఆశ అంటే చిన్నమాట, ఏడాదిగా ఆమెకి అదే ధ్యాస.

ఎనిమిదేళ్ళ కిందట తల్లి పోయింది. వానలకి వంతెన కొట్టుకుపోయి, లాలా తమ ఊరు మసతెనాంగో నుంచి వచ్చి చేరేసరికి సమాధి చేసేశారు. "అమ్మ నీ ఒక్కదాని సొత్తా? కడసారి ముఖం కూడా చూడనివ్వవా?" అని శ్మశానం గుమ్మంలో, నలుగురి ఎదుటా అక్కని అనరాని మాటలు అంది. ఆ ఉక్కకి శవాన్ని మూడో రోజుదాకా ఎవరూ ఉంచలేరని కోపం దిగాక తెలిసింది. తెంచా అప్పుడు బదులు చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పలేదు. ఫోన్ చేస్తే గొంతు వినగానే పెట్టేస్తుంది.

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు," అన్నాడు ఒబ్దూలియో. "నీకు రెండూ జారుతున్నాయి."

"అందుకే కదా ఈ తంటా! పల్లకి కిందకి చేరాక అక్క ఎక్కడికి పోతుంది? భుజం మీద మేరీమాత, పక్కన నేను. వీధి చివరిదాకా నా మాట వినాల్సిందే."

"పోయినేడూ మోశావుగా?"

"నన్ను పొట్టివాళ్ళతో రెండో వంతులో వేశారు. మలుపులో నేను భుజం తప్పించాను, మూడో వంతులో తను భుజం పెట్టింది. నా ముఖం వంక చూడనైనా చూళ్ళేదు. నా నేలబారు చెప్పుల వంక చూసి తల తిప్పేసుకుంది. రొట్టె కొనుక్కోడానికైనా ఎత్తు మడమలు లేకుండా గడప దాటని మహారాణి కదా! ఈ పల్లెటూరి మొద్దు మారలేదనుకుని ఉంటుంది."

"చిన్నప్పుడు ఒకే గౌను ఇద్దరూ మార్చి మార్చి తొడుక్కునేవాళ్ళమన్నావే?"

"ఒట్టికాళ్ళతో నిలబడితే ఇప్పటికీ ఇద్దరం ఒకే ఎత్తు. ఆ పైదంతా మడమలే." లాలా కళ్ళు తుడుచుకుంది. "తన పక్కన ఒక్కసారి నిలబడితే చాలయ్యా."

ఒబ్దూలియో పళ్ళెం పక్కన పెట్టి లేచాడు. "పద పెరట్లోకి. చెయ్యి పట్టుకో. అక్కడ వీధులన్నీ రాళ్ళే, నున్నటి గచ్చు మీద నేర్చుకుంటే ఏం లాభం?"

కొలతలు తీసే ఆ మట్టల ఆదివారం నాటికి లాలా పడకుండా నడుస్తోంది. మడమలు బొబ్బలెక్కాయి, అది వేరే సంగతి. ఆంటిగ్వాలో గుడి వసారా నిండా ఆడవాళ్ళ వరస. కొలబద్ద పట్టుకున్న పెద్దావిడ ఆమె కాళ్ళవైపు చూసింది.

"మోసే రోజున వేసుకునేవి ఇవేనా?"

"ఇవే."

కొలబద్ద భుజానికి ఆనింది. "మూడో వంతు. పోయినేడు రెండోది కదమ్మా నీది? ఈ వయసులో పెరిగావేంటి?"

"మా ఊరి నీళ్ళలో మహత్యముందిలెండి."

"చీటీ ఇచ్చాక మార్చడం కుదరదు మరి."

"మార్చొద్దు! నేనడిగినా మార్చొద్దు!" అంది లాలా. వరసంతా నవ్వింది.

చీటీ గుండెలకి హత్తుకుని బయటికొచ్చింది. మెట్ల దగ్గర ఒబ్దూలియో నిలబడి ఉన్నాడు.

"దొరికిందా?"

లాలా తలూపింది. కళ్ళొత్తుకుంది.

"అయితే ఏడుపెందుకే పిచ్చిదానా? అదుగో, మీ అక్క!"

తెంచా కొలత కోసం ఒక్కతే వస్తోంది. రాళ్ళ మీద ఆచితూచి, కొత్తగా నడక నేర్చినదానిలా అడుగులేస్తోంది. మనిషి చిన్నదైపోయినట్టుంది. వయసు మీద పడింది కాబోలు అనుకుంది లాలా.

మెట్ల కింద ఎదురుపడ్డారు. ఈసారి తెంచా తల తిప్పుకోలేదు. ఆమె చూపు చెల్లెలి ముఖం మీంచి కాళ్ళ మీదకి దిగి అక్కడే ఆగిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

మళ్ళీ నా కాళ్ళేనా అనుకుంటూ లాలా కూడా కిందకి చూసింది.

అక్క నేలబారు చెప్పులు వేసుకుంది.