ఆదివారం బిళ్ల

"దిగకండమ్మా! ఆ కాలు కింద మోపకండి!" ఎక్స్‌రే చూస్తూనే డాక్టరు సుహాసిని అరిచింది.

బల్ల దిగబోతున్న లక్ష్మణమ్మ ఆగిపోయింది. "తొడ నొప్పికి అంత గాబరా ఏటమ్మా? నరం పట్టేసినాది. నూనె రాస్తే పోతాది."

"నరం కాదు. తొడ ఎముక పగులిచ్చింది. నడుస్తుండగానే విరిగిపోవచ్చు. ఎముకల బలానికి మందేమైనా వాడుతున్నారా?"

"ఆదివారం ఆదివారం పరగడుపున ఓ బిళ్ల. పదకొండేళ్లయినాది, ఒక్క వారం మానలేదు."

"మధ్యలో మళ్లీ చూపించుకోమనలేదా?"

"అన్నారు. పాత కాయితం సూపిస్తే మందుల కొట్టోడు ఇచ్చేస్తన్నాడు, మళ్లీ ఎందుకని ఎల్లలేదు."

డాక్టరు గొంతు తగ్గించింది. "అన్నేళ్లు ఆపకుండా వాడితే, కొందరికి ఆ మందే ఎముకను ఇలా చేస్తుంది. ముందు తొడ నొప్పిగానే మొదలవుతుంది."

లక్ష్మణమ్మ పక్కనే ఉన్న కోడలి చెయ్యి పట్టుకుంది. "దేవీ, మీ చిన్నత్తకి ఫోన్ కొట్టే!"

దేవి రెండుసార్లు చేసింది. "ఎత్తట్లేదత్తా."

"ఎవరామె? ఏమైంది?" అంది డాక్టరు.

"నా తోటికోడలమ్మా. ఆ కాయితం మీదే ఇన్నేళ్లూ దానికీ బిళ్లలు తెస్తన్నాను. నెల్లాళ్లబట్టి తొడ లాగుతన్నాదంటే, పొద్దున నేనే నూనె రాసి, సేపల గంప నెత్తికెత్తి పంపినాను."