రెండు ఉత్తరాలు సిద్ధం

అమెరికాలో డియర్‌బోర్న్‌లోని మా మసీదు ఆఫీసులో గుమాస్తా సమర్ రెండు ఉత్తరాలు ముందేసుకుని టీవీలో అధ్యక్షుడి ప్రసంగం చూస్తోంది. అధ్యక్షుడు ఇస్లాం గురించి మంచిమాట అంటే పత్రికలకు మొదటిది వెళ్తుంది: "ధన్యవాదాలు." చెడ్డమాట అంటే రెండోది: "మా మనసు నొచ్చుకుంది." ఆమె ఇక్కడ చేరిన పందొమ్మిదేళ్లలో అధ్యక్షులు మారారు గానీ, ఆ ఉత్తరాల్లో తేదీ, అధ్యక్షుడి పేరు తప్ప ఏమీ మారలేదు.

"ఏమన్నాడమ్మాయ్?" అంటూ కమిటీ పెద్ద హాజీ నిజార్ వచ్చి, కోటు విప్పకుండానే కూర్చున్నాడు. హీటర్ పాడై మూడు వారాలైంది.

"ఇంకా మన దాకా రాలేదు హాజీ. మొక్కజొన్న రైతుల దగ్గరే ఉన్నాడు."

"పొగుడుతాడంటావా, తిడతాడంటావా?"

"ఏదైతేనేం? పొగిడినా ఫోన్లే, తిట్టినా ఫోన్లే. హీటర్ వాడికి ఫోన్ చేద్దామంటే లైను ఖాళీగా ఉండి చస్తేగా!"

గంటంపావు మాట్లాడి అధ్యక్షుడు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఇస్లాం ఊసే ఎత్తలేదు.

హాజీ పకపకా నవ్వాడు. "బతికించాడు! ఇక ఇవాళ మన జోలికి ఎవడూ రాడు."

సమర్ ఉత్తరాలు రెండూ సొరుగులో పడేసి, హీటర్ వాడి నంబరు వెతికి ఫోన్ మీద చెయ్యి వేసింది. అంతలో అదే మోగింది.

"మేడమ్, టీవీ చానల్ నుంచి మాట్లాడుతున్నాను. అధ్యక్షుడు ఇవాళ మీ మతం పేరే ఎత్తలేదు. మీకెలా అనిపిస్తోంది?"

సమర్ కోటు కాలరు చెవుల దాకా లాక్కుంది. పందొమ్మిదేళ్లుగా అడుగుతున్న ఆ ప్రశ్నకి, మొదటిసారి ఏ ఉత్తరమూ చూడకుండా జవాబు చెప్పింది.

"చలేస్తోంది సార్."